ముందు కూర్చుని లెక్క చూసుకున్నారా?



లూకా సువార్త పద్నాలుగవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన రెండు చిన్న సామ్యాలు మీకు గుర్తుండే ఉంటాయి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని, తన దగ్గరున్న సొమ్ము దానికి చాలుతుందో లేదో లెక్క చూసుకుంటాడు. యుద్ధానికి బయలుదేరే రాజు ముందు కూర్చుని, పదివేల మందితో ఇరవైవేల మందిని ఎదుర్కోగలనా అని ఆలోచించుకుంటాడు (లూకా 14:28-32). తనను వెంబడించడానికి ఎంత మూల్యం చెల్లించాలో శిష్యులకు తెలియాలని ప్రభువు ఈ మాటలు చెప్పారు. అయినా ఆ "ముందు కూర్చుని" అనే మాట మనం చేసే ప్రతి పెద్ద పనికీ వర్తిస్తుంది.

మన ఇళ్ళలో చేసేదీ అదే. పొలంలో బోరు వేయించేముందు ఇంటిల్లిపాదీ కూర్చుంటాం. నీళ్ళు పడితే ఏమిటి, పడకపోతే ఏమిటి, అప్పు ఎన్నేళ్ళకు తీరుతుంది, మన బోరువల్ల పక్కవారి బావి ఎండిపోతుందా అని ఆలోచిస్తాం. ఇలా ఒక పనివల్ల కలగబోయే ఫలితాలను ఒక్కొక్క మెట్టుగా ముందే ఊహించి లెక్క కట్టడాన్ని చదువుకున్నవారు "నమూనా కట్టి చూడటం" అంటారు. వర్షాలకు, పంటలకు, అంటువ్యాధులకు ఇలాంటి నమూనాలు కడుతూనే ఉన్నారు. మరి ఒక దేశం తాను తయారుచేసిన ఆయుధాలను పరాయి దేశాలకు అమ్మేముందు ఇలా కూర్చుని లెక్క చూసుకుంటుందా? చూసుకుంటే ఆ లెక్కలో ఎవరిని కలుపుతుంది, ఎవరిని వదిలేస్తుంది? ఈ వారం మన పాఠం ఇదే.

"మనకెందుకు ఈ విషయం? ఇది ప్రభుత్వాల సంగతి కదా" అని మీరు అనవచ్చు. ఒకప్పుడు మన దేశం ఆయుధాలు కొనే దేశం మాత్రమే. ఇప్పుడు అమ్మే దేశం కూడా. 2023-24లో మన దేశపు రక్షణ ఎగుమతుల విలువ 21,083 కోట్ల రూపాయలు. 2024-25లో అది 23,622 కోట్లకు పెరిగింది. 2022 జనవరిలో బ్రహ్మోస్ క్షిపణుల కోసం ఫిలిప్పీన్స్ దేశం సుమారు 37 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అక్కడికి చేరింది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోనూ, మెదక్ ప్రాంతంలోని ఎద్దుమైలారంలోనూ, విశాఖపట్నంలోనూ రక్షణ కర్మాగారాలున్నాయి. అక్కడ పని దొరకటం మన తెలుగు కుటుంబాల్లో గౌరవంగానే చూస్తాం. రేపు మీ అబ్బాయికో, అమ్మాయికో అక్కడినుంచి ఉద్యోగపు ఉత్తరం రావచ్చు. కనుక ఇది మన ఇంటి సంగతి కూడా.

శ్రీసభ ఏమి బోధిస్తున్నది?

దేశానికి తనను తాను కాపాడుకునే హక్కు ఉన్నదని శ్రీసభ అంగీకరిస్తుంది. సైన్యంలో ఉండి న్యాయంగా విధి నిర్వర్తించేవారిని గౌరవిస్తుంది. కాబట్టి ఆయుధం ముట్టిన ప్రతివాడూ పాపి అని ఈ పాఠం చెప్పబోవడం లేదు.

అయితే ఆయుధాలు బట్టల్లాగా, బియ్యంలాగా అమ్ముకునే సరుకు కాదని శ్రీసభ స్పష్టంగా బోధిస్తున్నది. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఆయుధపోటీ పేదవారికి భరించలేని హాని చేస్తుందని హెచ్చరించింది. అంతకు ఏడాది ముందు, 1964 డిసెంబరులో, దివ్యసత్ప్రసాద మహాసభ కోసం బొంబాయి వచ్చిన ఆరవ పౌలు జగద్గురువులు, దేశాలు ఆయుధాలకు ఖర్చుపెట్టే సొమ్ములో కొంత తీసి పేదల కోసం ఒక ప్రపంచ నిధి ఏర్పాటు చేయాలని మన గడ్డ మీదనుంచే విజ్ఞప్తి చేశారు. ఆ కోరికనే 1967లో తమ విశ్వలేఖలో మళ్ళీ వ్రాశారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2316) ఆయుధాల తయారీ, అమ్మకం సర్వజన శ్రేయస్సుకు సంబంధించినవి గనుక వాటిని అదుపులో ఉంచే హక్కు, బాధ్యత ప్రభుత్వాలకు ఉన్నాయని చెబుతుంది. 1994లో న్యాయశాంతుల పరమ సంఘం ఆయుధ వ్యాపారం మీదనే ఒక ప్రత్యేక పత్రం ప్రచురించింది.

ఈ బోధనల సారం ఒక్క మాటలో చెప్పుకోవచ్చు: అమ్మినంత మాత్రాన అమ్మినవాడి బాధ్యత తీరిపోదు. ఇది ఆచరణలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక దేశాన్ని తీసుకుందాం. అది ఇటలీ. ఎక్కువమంది కతోలికులున్న దేశం అది. ఆయుధాల ఎగుమతి మీద అక్కడ చట్టం రావటానికి కారకులు మిషనరీలు, విచారణల్లోని గృహస్థులు. ఆ చట్టానికి మూడున్నర దశాబ్దాల అనుభవం ఉంది. ముందు వేసిన లెక్కనూ, తర్వాత జరిగినదానినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ఒక చట్టం పుట్టిన కథ

1980ల మొదట్లో ఇటలీ ప్రపంచంలోని పెద్ద ఆయుధ ఎగుమతి దేశాల్లో ఒకటి. ఎవరికి ఏమి అమ్ముతున్నారో పార్లమెంటుకు కూడా సరిగా తెలిసేది కాదు. 1984-85లో ఇతియోపియాలో ఘోరమైన కరువు వచ్చింది. ఇటలీ ప్రజలు చందాలు పోగుచేసి పంపారు. అప్పుడు కొంబోని మిషనరీల పత్రిక 'నిగ్రీజియా'కు ఫాదర్ అలెక్స్ జనోతెల్లి గారు సంపాదకులు. 1985 జనవరి సంచికలో ఆయన ఒక సంపాదకీయం వ్రాశారు. ఆఫ్రికా ఆకలికి ఇటలీ ముఖం కూడా ఉన్నదనీ, ఒక చేత్తో సహాయం పంపుతూ మరో చేత్తో ఆయుధాలు అమ్ముతున్నామనీ దాని భావం. పెద్ద దుమారం లేచింది. ఒత్తిళ్ళ మధ్య 1987లో ఫాదర్ గారు సంపాదకత్వం వదలవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన కెన్యా రాజధాని నైరోబీలో, కొరొగోచో అనే మురికివాడలో పేదల నడుమ ఏళ్ళ తరబడి నివసించారు.

కాని ఆ మాట ఆగిపోలేదు. మృత్యు వర్తకులకు వ్యతిరేకంగా అనే పేరుతో మిషనరీ పత్రికలు, కతోలిక కార్మిక సంఘం, పాక్స్ క్రిస్తి వంటి సంస్థలు కలిసి ఉద్యమం నడిపాయి. అప్పుడు ఇటలీ పాక్స్ క్రిస్తి అధ్యక్షులు మోల్ఫెత్తా పీఠాధిపతి తోనీనో బెల్లో గారు. ఆయన క్యాన్సరుతో బాధపడుతూ కూడా 1992 డిసెంబరులో యుద్ధం నడుస్తున్న సరయేవో నగరానికి ఐదువందల మంది శాంతికాముకులతో వెళ్ళి, 1993 ఏప్రిల్‌లో ప్రభువు సన్నిధి చేరారు.

ఉద్యమం ఫలించి, 1990 జూలై 9న 185వ నంబరు చట్టం వచ్చింది. ఆ చట్టం చెప్పేది సూటిగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి నియమాలకు విరుద్ధంగా యుద్ధంలో ఉన్న దేశాలకూ, మానవ హక్కులను తీవ్రంగా ఉల్లంఘించే దేశాలకూ ఆయుధాలు అమ్మకూడదు. ప్రతి అమ్మకానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఏటా మార్చి 31లోగా ప్రధానమంత్రి పార్లమెంటుకు నివేదిక ఇవ్వాలి. ఏ బ్యాంకుల ద్వారా ఆ సొమ్ము చేతులు మారిందో కూడా అందులో ఉండాలి. ఆ నివేదిక చదివే కతోలిక పత్రికలు 2000 సంవత్సరంలో పాఠకులకు ఒక పిలుపునిచ్చాయి. మీ పొదుపు సొమ్ము ఉన్న బ్యాంకు ఆయుధాల వ్యాపారంలో ఉన్నదా అని మీ బ్యాంకునే అడగండి అని. వేలాది సామాన్యులు ఉత్తరాలు వ్రాశారు. లెక్క బయటపెడితే మామూలు మనిషి కూడా లెక్క అడగగలడని దీనివల్ల తెలుస్తుంది.

లెక్కలో ఉండవలసిన ఐదు ప్రశ్నలు

ఒక కాగితం తీసుకోండి. మధ్యలో నిలువు గీత గీయండి. ఒకవైపు "అమ్మితే", మరోవైపు "అమ్మకపోతే" అని వ్రాయండి. ఇప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకుంటూ రెండువైపులా నింపాలి.

మొదటి ప్రశ్న: కొనేవాడు ఎవరు, ఇప్పుడు ఏమి చేస్తున్నాడు? అతడు రేపు ఏమి చేస్తాడో ఖాయంగా చెప్పలేం. నిన్న ఏమి చేశాడో చూడగలం. ఇంతకుముందు కొన్న ఆయుధాలను తన ప్రజల మీదనే వాడినవాడు మళ్ళీ అదే చేస్తాడని అనుకోవటమే వివేకం.

రెండవ ప్రశ్న: రేపు అది ఎవరి చేతికి పోతుంది? 1980-88 మధ్య ఇరాన్ ఇరాక్ దేశాలు యుద్ధం చేశాయి. ఉత్తర ఇటలీలో బ్రెషా పట్టణం దగ్గర కాస్తెనెదోలో అనే ఊళ్ళో మందుపాతరల కర్మాగారం ఉండేది. ఇరాక్‌కు నేరుగా పంపే వీలు లేనప్పుడు ఆ కంపెనీ మందుపాతరలు సింగపూరు మీదుగా లక్షల సంఖ్యలో అక్కడికి చేరాయి. కాగితం మీద ఒక దేశం పేరు, నేలలో పాతింది మరో దేశం. ఈ అక్రమ ఎగుమతి విషయంలో 1991లో బ్రెషా న్యాయస్థానం కంపెనీ అధికారులకు శిక్షలు విధించింది. మందుపాతరలు మాత్రం అప్పటికే కుర్దుల కొండల్లో ఉన్నాయి.

మూడవ ప్రశ్న: ఆ ఆయుధానికి ఆయుష్షు ఎంత? పంటకు ఆరునెలలు, ఎద్దుకు పదిహేనేళ్ళు. నేలలో పాతిన మందుపాతర దశాబ్దాలు బ్రతుకుతుంది. 1991లో కుర్దులు తమ ఊళ్ళకు తిరిగివచ్చినప్పుడు పొలాల్లో, బాటల్లో, నీటి బుగ్గల దగ్గర అవి వారి కోసం కాచుకుని ఉన్నాయి. గొర్రెలు కాసే పిల్లలు, కట్టెలకు వెళ్ళిన తల్లులు వాటికి బలయ్యారు. ఆకలికి తాళలేక కొందరు వాటిని వట్టి చేతులతో విప్పి, అందులోని అల్యూమినియం పాత సామాను కింద అమ్ముకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒక చిన్న మందుపాతర తయారుచేయటానికి మూడు డాలర్లు చాలుననీ, దాన్ని వెదికి తీయటానికి మూడువందలనుంచి వెయ్యి డాలర్లు అవుతాయనీ ఐక్యరాజ్యసమితి 1990లలో లెక్క చెప్పింది. అమ్మినవాడి ఖాతాలో ఆ మూడు డాలర్ల సరుకే కనబడుతుంది. మిగతాదంతా ఆ తల్లి ఖాతాలో పడుతుంది.

నాల్గవ ప్రశ్న: ఈ సొమ్ముతో కొనేవాడు ఏమి కొనలేకపోయాడు? పేద దేశం ఆయుధం కొన్నప్పుడు బడి, ఆసుపత్రి, మంచినీళ్ళ పథకం వెనక్కిపోతాయి. జనోతెల్లి గారు అడిగినది ఈ ప్రశ్నే. యుద్ధంలో మరణాలను లెక్కించేటప్పుడు తూటాలకు పోయినవారినే లెక్కిస్తే పొరపాటు. యెమెన్ యుద్ధం సంగతి చూడండి. 2021 చివరికి అక్కడ 3,77,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అంచనా వేసింది. వారిలో నూటికి అరవైమంది ఆకలివల్ల, రోగాలవల్ల, వైద్యం అందకపోవటంవల్ల పోయినవారు. నమూనా కట్టేటప్పుడు బాంబు పడిన చోటుతో ఆగితే, సగానికి పైగా శవాలు లెక్కలోకే రావు.

ఐదవ ప్రశ్న: అమ్మినవాడి ఇల్లు ఏమవుతుంది? కర్మాగారం వస్తే ఊరికి పని వస్తుంది. నిజమే. కాని ఊరంతా ఆ ఒక్క పని మీదనే ఆధారపడితే, ఎక్కడో యుద్ధం ఆగినప్పుడు ఇక్కడ పొయ్యి ఆరిపోతుంది. పరాయి ఇంట్లో శాంతి మన ఇంట్లో భయమవుతుంది. ఈ చిక్కును లెక్కలో చేర్చని ప్రభుత్వం తన సొంత ప్రజలకే అన్యాయం చేస్తుంది.

ఐదు ప్రశ్నలూ అయ్యాక ప్రతి ఫలితం పక్కన రెండు గుర్తులు పెట్టండి. ఒకటి, అది జరిగే అవకాశం ఎంత? ఖాయమా, జరగవచ్చా, అరుదా? రెండు, జరిగితే సరిదిద్దుకోగలమా? పోయిన ఉద్యోగం కష్టంతోనైనా మళ్ళీ వస్తుంది. పోయిన కాలు రాదు, పోయిన బిడ్డ రాదు. కనుక సరిదిద్దుకోలేని హాని ఉన్నచోట, "జరగకపోవచ్చులే" అనే మాట చాలదు. ఈ లెక్కంతటికీ ఇదే ప్రాణం.

చట్టం ఉండి కూడా

ఇంత మంచి చట్టం ఉన్న ఇటలీలో తర్వాత ఏమి జరిగిందో కూడా మీరు తెలుసుకోవాలి. సార్డీనియా దీవిలో దోముస్నోవాస్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టుపక్కల గనులు మూతపడి, యువకులు పనికోసం వలసపోయే ప్రాంతం. అక్కడ ఒక బాంబుల కర్మాగారం ఉంది. 2015 మార్చిలో సౌదీ అరేబియా, దాని మిత్రదేశాలు యెమెన్ మీద విమానదాడులు మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడు, 2016లో, ఈ కర్మాగారంనుంచి సౌదీకి 19,675 బాంబులు పంపటానికి ఇటలీ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. విలువ సుమారు 41 కోట్ల యూరోలు. అంటే ఒక్కొక్క బాంబు సుమారు 21 వేల యూరోలు.

2016 అక్టోబరు 8 తెల్లవారుజామున యెమెన్‌లోని దెయిర్ అల్ హజరి అనే పల్లెలో ఒక ఇంటి మీద బాంబు పడింది. తండ్రి, గర్భవతి అయిన తల్లి, నలుగురు పిల్లలు, మొత్తం ఆరుగురు మరణించారు. శిథిలాల్లో బాంబును విమానానికి తగిలించే ఇనుప కొక్కెం ఒకటి దొరికింది. దాని మీది గుర్తులు దోముస్నోవాస్ కర్మాగారానివి. సువార్తలోని లాజరు ధనవంతుడి గుమ్మం ముందే పడి ఉన్నాడు గనుక కనబడ్డాడు. ఈ ఆరుగురూ వేల మైళ్ళ దూరంలో ఉన్నారు. ఆ కొక్కెం దొరకకపోతే వారు ఎవరికీ కనబడేవారు కారు.

"ఐక్యరాజ్యసమితి సౌదీ మీద ఆంక్ష ఏదీ పెట్టలేదు, కాబట్టి మేము చట్టం తప్పలేదు" అన్నది పాలకుల సమాధానం. పైన మనం వేసుకున్న ప్రశ్నలకు ఇందులో జవాబు ఉందా? కాగితం సరిగా ఉన్నదని చెప్పారు గాని, మనిషి ఏమయ్యాడని చూడలేదు. 2018లో యెమెన్, జర్మనీ, ఇటలీ దేశాల సంస్థలు కలిసి రోములో ఫిర్యాదు చేశాయి. 2019 మే నెలలో జెనోవా రేవులో కూలీలు సౌదీ ఓడకు సైనిక సామగ్రి ఎక్కించబోమని సమ్మె చేశారు. ఆ ఏడు జూలైలో బాంబుల పంపకం తాత్కాలికంగా ఆగింది. 2021 జనవరిలో అనుమతులు పూర్తిగా రద్దయ్యాయి. అప్పటికి ఇంకా పంపవలసిన బాంబులు 12 వేలకు పైగా మిగిలి ఉన్నాయి. అవి ఆ కొండల మీద పడలేదు.

ఇది గెలుపేనా? కొంతవరకే. దోముస్నోవాస్‌లో కొందరి పని పోయింది. కర్మాగారాన్ని వేరే సరుకుల తయారీకి మార్చాలని అక్కడి ప్రజలు ఒక సంఘంగా ఏర్పడి 2017 నుంచీ అడుగుతున్నారు. రోము న్యాయాధికారి 2023లో, అంతర్జాతీయ ఒప్పందాన్ని పాటించలేదని పేర్కొంటూనే, నేరం రుజువు కాదని కేసు మూసివేశారు. అదే 2023 మే నెలలో ప్రభుత్వం సౌదీ మీద ఉన్న ఆటంకాలను ఎత్తివేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ 185వ చట్టాన్నే సడలించే బిల్లును సెనేటు ఆమోదించింది. బ్యాంకుల వివరాలు నివేదికనుంచి తొలగించటం అందులో ఒక అంశం. కతోలిక సంఘాలు మళ్ళీ గొంతు విప్పాయి. చట్టం గోడలాంటిదని అనుకుంటాం. నిజానికి అది చేను చుట్టూ వేసిన కంచెలాంటిది. ఏటేటా చూసుకోకపోతే పశువులు పడతాయి.

రెండు అభ్యంతరాలు

ఈ విషయం ఎక్కడ మాట్లాడినా రెండు మాటలు వినబడతాయి. వాటిని తోసివేయకుండా పరిశీలించాలి.

"మనం అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడు." కొన్నిసార్లు అది నిజమే. నిజమైన లెక్కలో దీన్ని కూడా "అమ్మకపోతే" అన్నవైపు వ్రాయాలి. కాని ఒకరు వెనక్కి తగ్గితే కొనేవాడికి ధర పెరుగుతుంది, ఆలస్యమవుతుంది, ప్రపంచం ముందు సిగ్గు కలుగుతుంది. మందుపాతరల విషయంలో జరిగింది ఇదే. 1994లో ఇటలీ వాటి ఎగుమతి ఆపింది. 1997లో తయారీని కూడా చట్టంతో నిషేధించింది. అదే ఏడు డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో వందకు పైగా దేశాలు నిషేధ ఒప్పందం మీద సంతకం చేశాయి. ఒకరి తర్వాత ఒకరు తప్పుకుంటే ఒక వ్యాపారమే కుంచించుకుపోయింది. పైగా, ఇంకొకడు దొంగిలిస్తాడు కాబట్టి నేనే దొంగిలిస్తానని ఏ తల్లీ తన బిడ్డకు నేర్పదు.

"కార్మికుల పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?" ఇది ఇంకా బరువైన ప్రశ్న. దీనికి జవాబు కాస్తెనెదోలో కర్మాగారంలో పనిచేసిన స్త్రీలే ఇచ్చారు. తమ చేతులతో కూర్చిన వస్తువు ఎక్కడో పిల్లల కాళ్ళు తీస్తున్నదని తెలిశాక, మందుపాతరల నిషేధాన్ని కోరుతూ వారే ముందుకు వచ్చారు. పని వద్దని కాదు, వేరే పని ఇవ్వండని వారు అడిగారు. రిస్కు వారిది, జీతం వారిది, అయినా అడిగారు. కాబట్టి లెక్క కట్టే ప్రభుత్వం ఆ కార్మికులను కూడా లెక్కలో చేర్చి, మారు పని చూపించాలి. అమ్మకం ఆపిన పుణ్యం దేశమంతా పంచుకుని, దాని ఖర్చు ఒక్క ఊరి మీద వేయటం న్యాయం కాదు.

ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015 జూన్‌లో తురీను నగరంలో యువతతో మాట్లాడుతూ, క్రైస్తవులమని చెప్పుకుంటూ ఆయుధాలు తయారుచేయించే యజమానుల గురించి, వాటిలో పెట్టుబడి పెట్టేవారి గురించి బాధతో ప్రస్తావించారు. ఆయన వేలు చూపింది లాభం తీసుకునేవారి వైపు. కర్మాగారం గేటు దగ్గర టిఫిను డబ్బాతో నిలబడిన పనివాడి వైపు కాదు. అయితే పనివాడికీ మనస్సాక్షి ఉన్నదని కాస్తెనెదోలో స్త్రీలు మనకు చూపించారు.

మన ఇంటికి వస్తే

మన దేశంలో ఆయుధాల ఎగుమతికి ప్రభుత్వ అనుమతి కావాలి. అమ్మకూడని, అనుమతితో అమ్మవలసిన వస్తువుల పట్టిక కూడా ఉంది. 2013 ఏప్రిల్ 2న ఐక్యరాజ్యసమితిలో ఆయుధ వ్యాపార ఒప్పందానికి 154 దేశాలు ఓటు వేశాయి. మన దేశం ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నది. ఒప్పందం అమ్మే దేశాల వైపే మొగ్గుతున్నదనీ, ఉగ్రవాదుల చేతికి ఆయుధాలు పోకుండా ఆపటంలో బలహీనంగా ఉన్నదనీ మన ప్రతినిధులు చెప్పారు. అప్పుడు మనం కొనేవారి పక్కన నిలబడి మాట్లాడాం. ఇప్పుడు అమ్మేవారి పక్కకు కూడా వచ్చాం. కనుక ప్రశ్న మళ్ళీ వేసుకోవలసిన సమయం వచ్చింది. ఎగుమతుల మొత్తం విలువ ఏటా మనకు గర్వంగా చెబుతున్నారు. ఏ దేశానికి ఏ ఆయుధం, ఏ షరతుతో వెళ్ళింది, తర్వాత అది ఏమైందన్న వివరం కూడా మన పార్లమెంటు ముందుకు ఏటా రావాలని అడగటం దేశద్రోహం కాదు. అది ఇంటి యజమాని జమాఖర్చు అడగటం వంటిది.

ఇక మీ ఇంట్లో ఉద్యోగపు ఉత్తరం సంగతి. అలాంటి ఉత్తరం వచ్చినప్పుడు వెంటనే సంబరమూ వద్దు, వెంటనే తిరస్కారమూ వద్దు. ముందు కూర్చోండి. నేను తయారుచేయబోయేది ఏమిటి? దేశం సరిహద్దు కాపాడటానికా, ఎవరికైనా అమ్మటానికా? పౌరుడికీ సైనికుడికీ తేడా తెలియని ఆయుధమా? ఒకనాడు నా మనస్సాక్షి కాదంటే, ఆ మాట పైవారితో చెప్పే ధైర్యం నాకు ఉంటుందా? ఈ ప్రశ్నలు అడిగి ఆ పనిలో చేరినవాడు, అడగకుండా చేరినవాడికంటే దేశానికి కూడా మేలైన పనివాడు.

ప్రియ పాఠకులారా, గోపురం కట్టేవాడు లెక్క తప్పితే సగంలో ఆగిన గోడను చూసి ఊరు నవ్వుతుందని ప్రభువు చెప్పారు. ఆయుధాలు అమ్మే దేశం లెక్క తప్పితే నవ్వేవారు ఉండరు. ఏడ్చేవారు మాత్రం ఉంటారు. వారి ఏడ్పు మన చెవికి చేరనంత దూరంలో ఉంటారు. ఆ దూరాన్ని దాటి వారిని మన లెక్కలోకి తెచ్చుకోవటమే పొరుగువాడిని ప్రేమించటం.

కుటుంబంలో చర్చించుకోవటానికి

1. లూకా 14:28-32 కలిసి చదవండి. మన కుటుంబం ఇటీవల "ముందు కూర్చోకుండా" చేసిన పని ఏదైనా ఉందా? దాని ఫలితం ఎవరు అనుభవించారు?

2. ఐదు ప్రశ్నల్లో మన పాలకులు తరచుగా వదిలేస్తున్న ప్రశ్న ఏది? ఎందుకు?

3. మన పొదుపు సొమ్ము ఎక్కడ ఉంది? అది ఏ పనికి వాడబడుతున్నదో ఎప్పుడైనా అడిగామా?

4. పిల్లలతో: బొమ్మ తుపాకి కొనేముందు, నిజమైన తుపాకి ఏమి చేస్తుందో వారితో మాట్లాడారా?

ఈ వారం కుటుంబ జపమాలలో ఒక పది గురుగులు, యెమెన్‌లో, కుర్దుల కొండల్లో మరణించిన పిల్లల ఆత్మశాంతి కోసమూ, ఆయుధ కర్మాగారాల్లో పనిచేసే కుటుంబాల కోసమూ, అనుమతి కాగితాల మీద సంతకం పెట్టే అధికారుల వివేకం కోసమూ సమర్పించండి. శాంతికి రాజ్ఞి అయిన దేవమాత మనందరి కోసం ప్రార్థించునుగాక.